ఉప్పునీటి గట్టున పుట్టిన సంఘం



ధ్యాన భాగం: యెహెజ్కేలు 47:8-11, మత్తయి 5:13

మన పల్లెల్లో నీళ్లు రెండు రకాలు. మంచినీళ్లు, ఉప్పునీళ్లు. తాగడానికి, వండుకోవడానికి మంచినీళ్లు. గొడ్లు కడగడానికి, అంట్లు తోమడానికి ఉప్పునీళ్లు. ఎవరి పొలంలోనైనా కొత్తగా బోరు వేస్తే చుట్టూ చేరినవాళ్లు ముందు నీళ్లు పడ్డాయా అని అడుగుతారు. పడ్డాయంటే, మంచినీళ్లా ఉప్పునీళ్లా అని అడుగుతారు. ఉప్పునీళ్లు అనగానే రైతు ముఖం వాడిపోతుంది. ఆ నీళ్లు పెడితే మిరప నారు మాడిపోతుంది, నేల చవుడు బారుతుంది. సముద్రపు ఉప్పునీరు ఊళ్ల మీదికి వస్తే ఏమవుతుందో 1977 నవంబరు 19న వచ్చిన దివిసీమ తుపానులో మన పెద్దలు చూశారు.

ఈ నీళ్ల విభజనలో ఇంకో సంగతి కూడా ఉంది. చాలా ఊళ్లలో మంచినీళ్ల చెరువు, మంచినీళ్ల బావి కొందరివే. మిగిలినవాళ్లు దూరంగా నిలబడి, ఎవరైనా తోడి పోస్తే పట్టుకోవాలి, లేదంటే ఉప్పునీళ్ల బావి వైపు పోవాలి. అవన్నీ పాతకాలపు మాటలని కొట్టిపారేయలేం. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితుల ప్రాణాలు తీసిన దాడికి ముందు రాజుకున్న గొడవ మంచినీళ్ల చెరువు దగ్గరిదే.

అందుకే ఉప్పునీళ్లు అంటే మనకు ఎవరికీ అక్కరలేనిది, పనికిరానిది, మిగిలిపోయినది. ఆ ఉప్పునీళ్ల గురించి, వాటి గట్టున మన సంఘాలకు జరిగిన సంగతి గురించి ఈ వారం ధ్యానం చేద్దాం.

దేవుడు బాగుచేయకుండా విడిచిన మడుగులు

యెహెజ్కేలు ప్రవక్త చూసిన దర్శనం మీకు తెలుసు. మందిరపు గడప కింద నుంచి సన్నగా నీళ్లు బయలుదేరతాయి. చీలమండ లోతు, మోకాలి లోతు, నడుము లోతు, చివరికి ఈదితే తప్ప దాటలేనంత నది అవుతుంది. ఆ నది ఉప్పు సముద్రంలోకి దిగుతుంది. దాని ఉప్పదనం ఎంతో చెప్పాలంటే, మన బంగాళాఖాతం నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటే, ఆ ఉప్పు సముద్రంలో దాదాపు పదింతలు. చేప బతకదు. అలాంటి నీళ్లు ఆ నది తగలగానే బాగవుతాయి. ఏన్గెదీ నుంచి ఏనెగ్లాయీము దాకా జాలరులు వలలు ఆరవేసుకుంటారు. గట్ల మీది చెట్లు నెలనెలా కాపు కాస్తాయి.

ఇక్కడిదాకా అందరం సంతోషంగా చదువుతాం. 11వ వచనం దగ్గర ఆగిపోతాం. ఆ సముద్రం పక్కన ఉన్న బురద స్థలాలు, ఊబి నేలలు మాత్రం బాగవవనీ, వాటిని ఉప్పు కోసం విడిచిపెట్టారనీ అక్కడుంది. చాలామంది బోధకులు దీన్ని శాపంగా చెబుతారు, జీవనదిని కాదన్నవారి గతి అంటారు. ఆ బోధలోనూ హెచ్చరిక ఉంది, కాదనను. కానీ అదే ప్రవక్త 43వ అధ్యాయం 24వ వచనం కూడా చదవండి. బలి అర్పించేటప్పుడు యాజకులు దాని మీద ఉప్పు చల్లాలి. లేవీయకాండము 2:13లోనూ అదే ఆజ్ఞ. మరి ఆ ఉప్పు ఎక్కడి నుంచి రావాలి? తియ్యటి నది నుంచి రాదు. ఆ ఊబి నేలల నుంచే రావాలి. లోకమంతా బాగుపడిన రోజున కూడా దేవుడు కొన్ని ఉప్పు మడుగులను అలాగే ఉంచాడు, ఎందుకంటే వాటితో ఆయనకు పని ఉంది.

పెదగంజాం: రెండు నీళ్లు కలిసే చోటు

అలాంటి చోటు మనకు దగ్గర్లోనే ఉంది. ఒకప్పటి గుంటూరు జిల్లాలోనూ తరువాత ప్రకాశంలోనూ ఉండి, 2022 నుంచి బాపట్ల జిల్లాలోకి వచ్చిన చినగంజాం మండలంలో పెదగంజాం అనే ఊరు. విజయవాడ నుంచి చెన్నై వెళ్లే రైలు మార్గంలో చీరాల దాటాక వేటపాలెం, చినగంజాం, ఉప్పుగుండూరు, అమ్మనబ్రోలు స్టేషన్లు వస్తాయి. ఎక్స్‌ప్రెస్ రైళ్లలో పోయేవాళ్లు వీటిని చూడను కూడా చూడరు. ఉప్పుగుండూరు అనే పేరులోనే ఉప్పు ఉంది చూడండి.

విజయవాడ ఆనకట్ట దగ్గర కృష్ణలోంచి మళ్లిన నీరు కొమ్మమూరు కాలువగా మన పొలాల మధ్య నుంచి పారుతూ వచ్చి పెదగంజాం దగ్గర ఆగుతుంది. అక్కడి నుంచి దక్షిణంగా మొదలయ్యేది బకింగ్‌హామ్ కాలువ. తమిళనాడులోని మరక్కాణం వరకు సుమారు 420 కిలోమీటర్ల పొడవు. కొమ్మమూరు కాలువలో మంచినీళ్లు. బకింగ్‌హామ్ కాలువలో ఉప్పునీళ్లు. సముద్రపు పోటు వచ్చినప్పుడు ఏటి మొగల గుండా నీరు లోపలికి ఎక్కుతుంది, పాటుకు దిగిపోతుంది. ఒకే ఊటలోంచి తీపీ ఉప్పూ రెండూ వస్తాయా అని యాకోబు అడిగాడు (3:11). ఊటలోంచి రావు గాని, ఈ ఊళ్లో మాత్రం ఒక కాలువ ముగిసిన చోట ఇంకో కాలువ మొదలవుతుంది.

ఒక శనివారం మన యవ్వనస్థులను తీసుకుని ఆ వైపు వెళ్లాను. చూడటానికి గొప్పగా ఏమీ ఉండదు. పర్ర నేలలు, వాటి మీద తెల్లటి పొర, అక్కడక్కడ ఉప్పు మొక్కలు, దూరంగా తాటిచెట్లు, ఒడ్డు వైపు సరుగుడు తోపులు. పూడిక పడిన కాలువ. చాలాచోట్ల ఇప్పుడు రొయ్యల చెరువులు. వాటి మధ్య చినగంజాం వైపు ఉప్పు మడులు. మాతో వచ్చిన ఒక అబ్బాయి, ఇది చూడటానికా అయ్యగారూ ఇంత దూరం, అన్నాడు. మధ్యాహ్నం ఎండలో ఒక ఉప్పు రైతు మడి గట్టు మీద నిలబడి పని ఎలా జరుగుతుందో చెప్పాక ఆ అబ్బాయే అందరికంటే ఎక్కువ ప్రశ్నలు అడిగాడు.

ఆ పని ఎలాగంటే, ఉప్పునీటిని కాలువ నుంచో, తవ్విన గుంట నుంచో, బోరు నుంచో పెద్ద మడుల్లోకి వదులుతారు. ఎండకు, గాలికి నీరు చిక్కబడుతుంది. చిక్కబడిన కొద్దీ ఒక మడి నుంచి మరో మడికి మళ్లిస్తారు. చిక్కదనం కొలవడానికి గాజు గొట్టం ఒకటి ఉంటుంది. సముద్రపు నీరు ఆ కొలతలో సుమారు 3 డిగ్రీలు. 25 డిగ్రీల దగ్గరికి వచ్చాక ఉప్పు పలుకు కడుతుంది. 29, 30 దాటిందంటే మిగిలిన నీటిలో చేదు లవణాలు పేరుకుంటాయి. ఆ చేదునీటిని సమయానికి బయటికి వదిలేయాలి. లేకపోతే ఉప్పంతా చేదెక్కుతుంది. చివరి మడి అడుగును ముందుగా తొక్కి తొక్కి గట్టిపరచాలి, లేదంటే ఉప్పులో మట్టి కలుస్తుంది. గీసిన ఉప్పును గంపలతో మోసి గట్ల మీద రాశులు పోసి తాటాకులు కప్పుతారు. సంక్రాంతి దాటాక మొదలైన పని తొలకరి వానలతో ఆగిపోతుంది. అకాల వర్షం ఒక్కటి పడితే ఎన్నో రోజుల కష్టం మడిలోనే కరిగిపోతుంది.

అక్కడే ప్రభువు మాట ఒకటి తేటగా అర్థమవుతుంది. ఉప్పు తన సారం కోల్పోవడం ఎలా సాధ్యం అని చాలామంది అడుగుతారు. పలుకు కట్టిన శుద్ధమైన ఉప్పు సారం కోల్పోదు. కానీ ఉప్పునీరు ఇగిరేటప్పుడు ఉప్పు కంటే ముందే సున్నపు గుణం ఉన్న జిప్సం అడుగున దిగుతుంది. సరిగా వేరు చేయని ఉప్పు రాశి వానకు తడిస్తే, నిజమైన ఉప్పు కరిగి పోతుంది, తెల్లటి గసి మిగులుతుంది. చూడటానికి ఉప్పులాగే ఉంటుంది. నోట్లో వేసుకుంటే రుచి ఉండదు. దాన్ని ఎరువుగా వేయలేం, పొలంలో పోయలేం, బాటలో పోసి తొక్కడానికే పనికొస్తుంది. ప్రభువు గలిలయలో మాట్లాడింది ఇలాంటి ఉప్పు తెలిసిన మనుషులతో అని నా నమ్మకం.

ఉప్పు మీద పన్ను

ఉప్పు చవకైనదే, కానీ అది లేకుండా కూలివాడి గంజి కూడా గొంతు దిగదు. ఎండలో చెమటోడ్చే మనిషికి ఉప్పు మరింత అవసరం. అందుకే రాజులకు ఉప్పు మీద ఎప్పుడూ కన్ను. యూదయను ఏలిన సెల్యూకీయ రాజులు ఉప్పు మీద పన్ను వసూలు చేశారు. మన దగ్గర ఈస్టిండియా కంపెనీ 1805లో మద్రాసు రాజధానిలో ఉప్పు తయారీని, అమ్మకాన్ని తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకుంది. తన పెరటి పర్రలో తేలిన ఉప్పును తాను గీసుకోవడం కూడా నేరమైంది.

ఆ దెబ్బ తగిలినవారిలో ఉప్పరవారు ఉన్నారు. ఉప్పర అనే పేరు ఉప్పు నుంచి వచ్చిందే. చవుడు మట్టిని నీటితో కడిగి, ఆ నీటిని ఇగిర్చి ఉప్పు తీయడం వారి పూర్వీకుల వృత్తి. అది నేరమయ్యాక చెరువులు తవ్వే పని, గట్లు పోసే పని, మట్టి మోసే పని వారి బతుకుతెరువైంది. ఉప్పు తీసిన చేతులు పార పట్టుకున్నాయి.

ఇక 1876-78 నాటి కరువు. మన తాతల నోట ధాత కరువు అని వినిపించేది ఇదే. వానలు వరుసగా తప్పాయి. మద్రాసు రాజధానిలో లక్షలమంది ఆకలికి, కలరాకు పోయారు. ప్రభుత్వం కరువు పనులు పెట్టింది గాని, 1877 ఆరంభంలో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి ఖర్చు తగ్గించడానికి కూలిని కోశాడు. రోజంతా పనిచేసిన మగమనిషికి సుమారు 450 గ్రాముల ధాన్యం, ఒక అణా. ఇది మనిషిని బతికించదని కార్నిష్ అనే వైద్యాధికారి గట్టిగా పోరాడాక కొంత పెంచారు.

అదే కరువు ముగిసీ ముగియని 1878లో మద్రాసు రాజధానిలో ఉప్పు పన్నును సుమారు 37 కిలోల మణుగుకు 1 రూపాయి 13 అణాల నుంచి 2 రూపాయల 8 అణాలకు పెంచారు. రెండున్నర రూపాయలంటే 40 అణాలు. టెంపుల్ లెక్కన చూస్తే 40 రోజుల డబ్బు కూలి. ఆకలితో చచ్చి బతికిన మనిషి గంజిలో వేసుకునే ఉప్పు మీద ఈ పన్ను. యాకోబు పత్రిక 5:4లో పొలం కోసినవారి కూలి మొరపెడుతోందని రాసి ఉంది. ఆ వచనం మన జిల్లాల చరిత్రలో ఎక్కడ సరిపోతుందని ఎవరైనా అడిగితే నేను ఈ సంవత్సరాలను చూపిస్తాను.

క్లౌ దొర మూడున్నర మైళ్లు

ఇప్పుడు మన సంఘాల సంగతికి వద్దాం.

1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద లైమన్ జ్యూయెట్ దొర, మరి కొద్దిమంది మోకరించి ఈ ప్రాంతం కోసం ప్రార్థించారు. పన్నెండేళ్ల తరువాత, 1866లో జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు వచ్చాడు. ఆనాడు ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో సంఘం ఏర్పడింది. తాళ్లకొండపాడు నుంచి ఎర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ల వ్యాపారి, చదువురాని మనిషి, మాదిగపేటలకు సువార్త మోశాడు. ఈ కథ మీరు సండేస్కూలు నుంచి వింటున్నారు. కానీ కాలువ కథ చాలామంది పిల్లలకు తెలియదు.

క్లౌ పాదిరి కాకముందు యువకుడిగా అమెరికాలో భూముల సర్వే పని చేసినవాడు. కరువు ముదిరినప్పుడు తూర్పు తీరపు ఉప్పునీటి కాలువను పొడిగించే పని నడుస్తోంది. 1806 నాటికి మద్రాసు ఉత్తరాన చిన్నగా మొదలైన కాలువ అది. ఉప్పు, కట్టెలు, ధాన్యం పడవల మీద మద్రాసు చేర్చడానికి దాన్ని కొంచెం కొంచెంగా ఉత్తరానికి తెచ్చారు. 1878లో ఆనాటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు పెట్టారు. అందులో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని క్లౌ కాంట్రాక్టు తీసుకున్నాడు. రాజుపాలెం దగ్గర తాటాకు గుడిసెలతో శిబిరం వేశాడు. మూడువేలమందికి పైగా పనిలో చేరారు. బోధకులే మేస్త్రీలు, ఒక్కొక్కరి కింద సుమారు నూరుమంది. సర్వే తెలిసిన పాదిరి కొలతలు చూశాడు. పగలు మట్టి, సాయంత్రం వాక్యం. ప్రయాసపడి భారం మోసేవారిని ప్రభువు తన దగ్గరికి పిలిచిన మాటే (మత్తయి 11:28) ఆ గుంపుల మధ్య మళ్లీ మళ్లీ వినిపించింది. తల మీద మట్టి తట్ట ఉన్నవాడికి ఆ వచనానికి వ్యాఖ్యానం అక్కరలేదు.

ఆ శిబిరాన్ని స్వర్గంలా చెప్పడం నా ఉద్దేశం కాదు. అక్కడా కలరా వచ్చింది, అక్కడా మనుషులు పోయారు. ఆ కాలువ ఏ ప్రభుత్వానిదో, ఉప్పు పన్ను పెంచిందీ ఆ ప్రభుత్వమే. మన పెద్దలు తవ్వింది, తాము కొనలేని ఉప్పు పడవలెక్కి పోయే దారి. చరిత్ర చదివేటప్పుడు ఈ రెండూ కలిపే చదవాలి.

తిండి కోసమా?

మన పిల్లలు కాలేజీల్లో, పనిచేసే చోట్ల, ఇప్పుడు ఫోన్లలో కూడా ఒక మాట వింటుంటారు. మీ ముత్తాతలు కరువులో బియ్యం కోసం, పిండి కోసం మతం మారారు అని. కొందరు సిగ్గుపడి తలదించుకుంటారు. కొందరు కోపంతో నాలుగు మాటలు అంటారు. రెండూ అక్కరలేదు. జరిగింది తెలుసుకుంటే చాలు.

మొదటిది, ఆ మూడున్నర మైళ్లలో వారు తిన్నది దానం కాదు. తవ్విన మట్టికి కూలి. పార పట్టుకుని సంపాదించిన గంజి.

రెండోది, తిండి దొరికే రోజుల్లో క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. గుంపులు గుంపులుగా వచ్చి అడిగినా, దాదాపు 15 నెలలు ఎవరికీ ఇవ్వలేదు. సహాయం కోసం ఎవరూ సంఘంలోకి రాకూడదని, వచ్చారన్న నింద ఎవరి మీదా పడకూడదని అలా చేశాడు. వానలు పడి, కరువు పనులు ముగిసి, ఇక పంచడానికి డబ్బు లేదని గ్రామాలకు కబురు పంపాక, 1878 జూన్‌లో తిరిగి మొదలుపెట్టాడు. అప్పుడు జనం వచ్చారు. పంచేది ఏమీ లేదని తెలిసి వచ్చారు.

1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన సుమారు పది మైళ్ల దూరంలో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చింది క్లౌ కాదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీటిలో దిగి, అలసినప్పుడు మారుతూ ఇచ్చారు. ఆ సంవత్సరం ముగిసేసరికి లెక్క 9,606కు చేరింది.

వీరిలో ఎక్కువమంది ఊరి మంచినీళ్ల బావిని తాకనివ్వని పేటలవారు. ఉప్పునీటి కాలువ గట్టున మట్టి మోసి, ప్రభువు పిలుపు విని, నల్లమల నుంచి వచ్చే గుండ్లకమ్మ మంచినీటిలో మునిగి లేచారు. మనుషుల మనసుల్లో అన్నీ కలగలిసి ఉంటాయి. ఆకలీ ఉంటుంది, గౌరవం కోసం తపనా ఉంటుంది, దేవుని కోసం దాహమూ ఉంటుంది. వీటిని విడదీసి తూచే త్రాసు మన దగ్గర లేదు. కానీ తిండికి అమ్ముడుపోయారన్న మాట మాత్రం ఈ తేదీల ముందు నిలవదు.

లెక్కలేని ఉప్పు

ఆ ఉప్పు పన్ను ఇంకో 69 ఏళ్లు నడిచింది. 1930 మార్చి 12న సబర్మతి నుంచి బయలుదేరిన గాంధీగారు ఏప్రిల్ 6న దండిలో పిడికెడు ఉప్పు ఎత్తారు. మన వైపు కొండా వెంకటప్పయ్య పంతులుగారు, టంగుటూరి ప్రకాశం పంతులుగారు నడిపిన ఆ పోరాటంలో ఒంగోలు దగ్గరి దేవరంపాడు ఒక ముఖ్య శిబిరం. 1931 మార్చి 5న కుదిరిన గాంధీ–ఇర్విన్ ఒప్పందంతో ఉప్పు దొరికే తీరపు గ్రామాలవారు తమ ఇంటి అవసరానికి, ఊళ్లో అమ్ముకోవడానికి ఉప్పు తీసుకోవచ్చన్నారు. పన్ను పూర్తిగా పోయింది 1947 ఏప్రిల్‌లో, స్వాతంత్ర్యానికి నాలుగు నెలల ముందు.

బైబిల్లో దీనికి ఎదురుగా నిలిచే వచనం ఒకటుంది. ఎజ్రా 7:22. పారసీక రాజు అర్తహషస్త యెరూషలేము మందిరానికి ఇవ్వవలసినవాటి పట్టీ రాయించాడు. వెండికి లెక్క ఉంది, గోధుమలకు లెక్క ఉంది, ద్రాక్షారసానికి, నూనెకు లెక్క ఉంది. ఉప్పు దగ్గరికి వచ్చేసరికి లెక్క లేదు, ఎంత కావాలంటే అంత. అన్యుడైన రాజుకు కూడా ఉప్పును కొలిచి ఇవ్వకూడదని తెలిసింది. దేవుని కృప గురించి చెప్పమంటే నేను ఈ పట్టీనే చదివి వినిపిస్తాను. మనం కొలిచి పెట్టుకున్నవి చాలా ఉన్నాయి. ఎవరిని పక్కన కూర్చోబెట్టుకోవాలి, ఎవరింట్లో నీళ్లు తాగాలి, ఎవరి బిడ్డను కోడలిగా తెచ్చుకోవాలి. ఇవన్నీ మనం కృప మీద వేసిన ఉప్పు పన్నులే. సంఘంలో కూడా వసూలవుతున్నాయి.

కాలువ చేసిన మేలు

రైలు మార్గం వచ్చాక పడవలు తగ్గాయి. 1965, 66 తుపానుల్లో కాలువ బాగా దెబ్బతింది. ఆ తరువాత చాలాచోట్ల పూడిపోయింది, ఆక్రమణకు గురైంది. ఇక దానితో పనేముందని అందరూ అనుకున్న రోజుల్లో 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. పెదగంజాం నుంచి చెన్నై దాకా దాదాపు 310 కిలోమీటర్ల తీరంలో ఆ పాత కాలువ పొంగివచ్చిన నీటిని తనలోకి తీసుకుందని, పదిపదిహేను నిమిషాల్లో ఆ నీరు తిరిగి సముద్రంలోకి దిగిపోయిందని, అలా చాలామంది మత్స్యకారుల ప్రాణాలు దక్కాయని నిపుణులు గుర్తించారు.

ఆలోచించండి. 1877లో డొక్కలెండిన ఒక తల్లి తల మీద మట్టి తట్ట పెట్టుకుని గట్టెక్కింది. ఆ సాయంత్రం పిల్లలకు గంజి పోయడం తప్ప ఆమెకు ఇంకో ఆలోచన ఉండి ఉండదు. ఆమెలాంటివారు వేలమంది ఈ తీరం పొడవునా తవ్విన గుంట 127 ఏళ్ల తరువాత ఎవరి పిల్లలనో కాపాడింది. ఆ తల్లుల పేర్లు ఏ రాతి మీదా లేవు. దేవుడు ఎరుగును.

మనకు మాట

ప్రియులారా, మూడు సంగతులు చెప్పి ముగిస్తాను.

ఒకటి. ఈ చరిత్రను మీ పిల్లలకు చెప్పండి. వీలైతే ఒక రోజు పెదగంజాం, చినగంజాం వైపు తీసుకెళ్లండి. మాఘ, ఫాల్గుణ మాసాల్లో వెళ్తే మడుల్లో పని కనబడుతుంది. నీళ్లు, టోపీ తప్పక తీసుకెళ్లండి. తెల్లటి ఉప్పు మీద పడిన ఎండ కళ్లను మండిస్తుంది. అక్కడివారు రోజూ చెప్పుల్లేని కాళ్లతో ఆ ఉప్పునీటిలో నిలబడతారు. పగిలిన ఆ పాదాలను పిల్లలు చూడాలి. ఏటా వేసవిలో ఊరగాయ జాడీలో మన గుంటూరు కారం వేసుకుంటూ గొప్పలు పోతాం, మిర్చి ధర ఎంత పలికిందో అందరికీ తెలుసు. అదే జాడీలో కారంతో సమానంగా పడే ఉప్పును తీసినవాడికి ఏం గిట్టిందో మనం అడగం.

రెండు. ఉప్పు వేరుగా నిలబడి కనబడితే కూర పాడైనట్టే. కరిగితేనే పని. మార్కు 9:50లో ప్రభువు ఉప్పునూ సమాధానాన్నీ ఒకేచోట పెట్టాడు. మన ఊళ్లలో ఒకే వీధిలో మూడు మందిరాలు, మూడు మైకులు ఉన్నాయి. ఒక మందిరం వారింట్లో శవం లేస్తే ఇంకో మందిరం వారు వెళ్లని చోట్లు ఉన్నాయి. ఆ చోట్ల మనం వానకు తడిసిన రాశిలా, తెల్లగా కనబడే గసిలా మిగిలిపోయామేమో పరీక్షించుకుందాం.

మూడు. మీలో కొందరు నా జీవితం ఉప్పునీళ్ల బోరు అయిపోయింది అయ్యగారూ అంటుంటారు. పత్తి పోయింది, అప్పు మిగిలింది. బిడ్డ మాట వినలేదు. ప్రార్థించాం, జబ్బు తగ్గలేదు. జీవనది పక్క ఇంటిదాకా వచ్చి మన గడప దగ్గర ఆగిపోయినట్టుంటుంది. మీకు ఈ 11వ వచనాన్ని ఇస్తున్నాను. బాగుకాని చోటు అంటే దేవుడు మరిచిపోయిన చోటని అర్థం కాదు. బలిపీఠం మీదికి వెళ్లే ఉప్పు అక్కడే తయారవుతుంది. ఎండ కావాలి, గాలి కావాలి, సమయం కావాలి, చేదునీటిని వదిలేయాలి. చేదును వదలడం మాత్రం మన పని. మిగిలినది ఆయన చేస్తాడు.

ప్రార్థన: పరిశుద్ధుడవైన తండ్రీ, ఉప్పునీటి గట్టున మా పితరులను పిలిచినందుకు వందనాలు. మట్టి మోసిన వారి చేతులను, నీటిలో నిలబడి బాప్తిస్మమిచ్చిన ఆ బోధకులను జ్ఞాపకం చేసుకుంటున్నాం. మా పిల్లలు తలెత్తుకుని తమ కథ చెప్పుకొనే కృప దయచేయుము. ఈ ఎండల్లో ఉప్పు మడుల్లో పనిచేసేవారిని కాపాడుము, వారి కష్టానికి తగిన ఫలం ఇప్పించుము. మాలో పేరుకున్న చేదును తీసివేయుము. నీవు కొలవకుండా ఇచ్చినదాన్ని మేము కొలిచి ఇవ్వకుండా మమ్మల్ని మార్చుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.